బేలింగ్ ప్రెస్‌ను సురక్షితంగా, సులువుగా నడిచేలా తీర్చిదిద్దుకోవడం: సమగ్ర మార్గదర్శి

బేలింగ్ ప్రెస్ పని చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. అట్టపెట్టెలు, పాత కాగితం, ప్లాస్టిక్ సీసాలు, పల్చటి ఫిల్మ్, గుడ్డముక్కలు, లోహపు తుక్కు వంటి ఎక్కువ చోటు ఆక్రమించే సరుకును ఉక్కు అరలో వేసి, హైడ్రాలిక్ సిలిండర్‌తో అదిమి, వైరుతో గాని పట్టీతో గాని బిగించి, బేలుగా బయటికి తీస్తుంది. అయితే ఆ అదిమే బలం ఎంతో ఒకసారి లెక్క వేసి చూడాలి. 150 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న సిలిండర్‌లోకి 200 బార్ పీడనంతో నూనె వెళ్తే, పిస్టన్ మీద పడే బలం దాదాపు 36 టన్నుల బరువుకు సమానమవుతుంది. అది పెద్ద యంత్రమేమీ కాదు, మధ్యరకం ప్రెస్ మాత్రమే. ఆ బలానికి ఎదురుపడిన చెయ్యికి, అట్టపెట్టెకు యంత్రం దృష్టిలో తేడా ఉండదు.

ఈ యంత్రాల దగ్గర జరిగే తీవ్రమైన ప్రమాదాల్లో ఎక్కువ భాగం పని సాఫీగా సాగుతున్నప్పుడు జరిగేవి కావు. సరుకు ఇరుక్కుని పని ఆగిపోయినప్పుడు, వైరు దారి తప్పినప్పుడు, బేలు బయటికి రాక మొరాయించినప్పుడు, ఎవరో ఒకరు లోపలికి చెయ్యి పెడతారు లేదా హాపర్‌లోకి, అంటే సరుకు పోసే తొట్టిలోకి, దిగుతారు. కాబట్టి భద్రత ఒక పని, సౌలభ్యం మరొక పని అని విడదీసి చూడటం సరికాదు. లోపలికి వెళ్లే అవసరాన్నే తగ్గించడం అన్నిటికన్నా ముందు చేయవలసిన భద్రతా చర్య. ఆ అవసరం మిగిలిపోయిన చోట మాత్రమే గార్డులు, ఇంటర్‌లాక్‌లు (డోరు తెరిస్తే యంత్రాన్ని నడవనివ్వని ఏర్పాట్లు), తాళాలు తమ పని తాము చేస్తాయి. కింది అడుగులన్నీ ఈ క్రమాన్ని అనుసరించే సాగుతాయి.

మొదటి అడుగు: ఖర్చు పెట్టే ముందు గమనించండి

కొత్త సెన్సర్లు, కొత్త కవర్లు కొనడానికి ముందు యంత్రం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, కనీసం కొన్ని వారాల పాటు ప్రతి ఆగుడునూ రాయించండి. ఏ వేళకు ఆగింది, ఏ సరుకు నడుస్తోంది, ఎక్కడ ఇరుక్కుంది, దాన్ని సరిచేయడానికి మనిషి ఎక్కడ నిలబడి ఏం చేశాడు, ఆ సమయంలో మెయిన్ స్విచ్ ఆపాడా లేదా అనే వివరాలు అందులో ఉండాలి. చివరి ప్రశ్నకు నిజాయితీగా సమాధానం రావాలంటే, రాసినవారి మీద చర్య ఉండదని సూపర్‌వైజర్ ముందే స్పష్టంగా చెప్పాలి. లేకపోతే పుస్తకంలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి, యంత్రం మాత్రం పాత పద్ధతిలోనే నడుస్తూ ఉంటుంది.

ఈ గమనింపులో అన్ని షిఫ్టులనూ, ముఖ్యంగా రాత్రి షిఫ్టును, చేర్చాలి. సూపర్‌వైజర్లు తక్కువగా ఉండే వేళల్లో పని ఎలా జరుగుతోందో అదే దాని అసలు రూపం. శుభ్రం చేసే సిబ్బందినీ, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారినీ, మరమ్మతుకు వచ్చే మెకానిక్‌నూ విడివిడిగా అడగండి, ఎందుకంటే ఒకే యంత్రాన్ని వీరు ముగ్గురూ మూడు వైపుల నుంచి చూస్తారు. ఇంటర్‌లాక్ స్విచ్‌కు టేపు చుట్టి ఉండటం, డోరు సెన్సర్ ఎదుట విడి అయస్కాంతం అతికించి ఉండటం వంటివి కనిపిస్తే, వాటిని తీసేయించి ఊరుకోకుండా, ఆ పని చేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. చాలాసార్లు అక్కడే మీరు మొదట సరిచేయవలసిన లోపం బయటపడుతుంది.

రెండో అడుగు: మీ యంత్రంలో ప్రమాదపు చోట్లను గుర్తించండి

నిలువు ప్రెస్‌లో ప్లాటెన్ అనే ఒత్తుడు పలక పైనుంచి కిందికి దిగుతుంది. సరుకు వేసే నోటి అంచుకూ, దిగుతున్న పలకకూ మధ్య చెయ్యి నలిగే చోటు ఉంటుంది. నిండిన బేలు డోరును లోపలి నుంచి నెడుతూ ఉంటుంది గనుక, గొళ్లెం విప్పగానే డోరు విసురుగా తెరుచుకోవడం రెండో ప్రమాదం. బయటికి దొర్లే బేలు మూడోది.

అడ్డ ప్రెస్‌లో పరిస్థితి మరింత కఠినంగా ఉంటుంది. హాపర్ నుంచి కిందికి జారిన సరుకును ర్యామ్ అనే నెట్టుడు దిమ్మె ముందుకు నెట్టేటప్పుడు, ర్యామ్ పై అంచుకు బిగించిన బ్లేడు, అరకు బిగించిన స్థిరమైన బ్లేడు కలిసి మిగులు సరుకును కత్తిరిస్తాయి. అంటే అక్కడ నలిపే ప్రమాదమే కాకుండా నరికే ప్రమాదం కూడా ఉంది. ర్యామ్ వెనక్కి వచ్చేటప్పుడు దాని వెనుక భాగంలోనూ నలిగే చోటు ఏర్పడుతుంది, కానీ అటువైపు చాలామంది చూడరు. వైరును దానంతట అదే కట్టే యంత్రాల్లో సూదులు, మెలితిప్పే భాగాలు కదిలే చోటు వేరుగా ఉంటుంది. వీటికి తోడు కన్వేయర్ ఉంటే, దాని మీద నిలబడిన మనిషిని అది నేరుగా హాపర్‌లోకి చేరుస్తుంది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చాలా అడ్డ ప్రెస్‌లలో హాపర్‌కు ఫొటోసెల్ ఉంటుంది. సరుకు పేరుకుని కాంతిపుంజానికి అడ్డుపడగానే ర్యామ్ తనంతట తాను కదులుతుంది. ఆటో మోడ్‌లో ఉన్న యంత్రం నిశ్శబ్దంగా ఆగి ఉన్నట్టు కనిపించినా, అది ఆగలేదు, సరుకు కోసం ఎదురుచూస్తోంది. జామ్ తీయడానికి హాపర్‌లోకి దిగిన మనిషి శరీరమే ఆ కాంతిపుంజాన్ని అడ్డుకుంటుంది. అంటే ఆ మనిషే యంత్రాన్ని ప్రారంభించినట్టవుతుంది. మీ యంత్రం ఇలాంటిదైతే, మిగతా మార్పుల కన్నా ముందు దీని సంగతి తేల్చాలి.

యూరప్‌లో అడ్డ ప్రెస్‌లకు ఈఎన్ 16252, నిలువు ప్రెస్‌లకు ఈఎన్ 16500 అనే భద్రతా ప్రమాణాలు ఉన్నాయి, అమెరికాలో బేలింగ్ యంత్రాలకు ఏఎన్ఎస్ఐ జెడ్245.5 ఉంది. పాత యంత్రం వీటికంటే ముందే తయారై ఉండవచ్చు. అయినా ప్రమాదపు చోట్ల జాబితా తయారు చేసుకోవడానికి ఇవి మంచి ఆధారం.

మూడో అడుగు: జామ్‌లకు కారణాలను తొలగించండి

పెద్ద అట్టపెట్టెలను విప్పకుండా వేసినప్పుడు అవి హాపర్ గోడల మధ్య అడ్డంగా నిలిచిపోయి, కింద ఖాళీ ఉన్నా పైసరుకును దిగనివ్వవు. దీనికి తేలికైన మందు, పెట్టెలను మడిచి వేయడం. అంత సిబ్బంది లేని చోట, అట్టను ముందుగా చీల్చే యంత్రాన్ని కన్వేయర్‌కు ముందు పెట్టవచ్చు, లేదా హాపర్ గోడలు కిందికి పోయేకొద్దీ ఇరుకు కాకుండా నిట్టనిలువుగా గాని, కాస్త వెడల్పుగా గాని ఉండేలా మార్పించవచ్చు. గోడల లోపల పొడుచుకు వచ్చిన బోల్టు తలలు, వంగిన రేకు అంచులు, అరిగిన వెల్డింగ్ గడ్డలు కూడా సరుకును పట్టి ఆపుతాయి. వాటిని చదును చేయించడానికి ఒక పూట చాలు.

కన్వేయర్ వేగం కూడా చూడాలి. ప్రెస్ ఒక్కో స్ట్రోకుకు తీసుకోగలిగిన దానికంటే ఎక్కువ సరుకు వచ్చిపడితే హాపర్ నిండిపోతుంది. పైమట్టం దగ్గర మరో సెన్సర్ అమర్చి, సరుకు దానికి అడ్డుపడినప్పుడు కన్వేయర్ ఆగేటట్టు, మట్టం దిగాక మళ్లీ నడిచేటట్టు రెండింటినీ జోడించాలి. దుమ్ము పట్టిన లెన్సు తప్పుడు సంకేతమిచ్చి యంత్రాన్ని ఆపుతూ ఉంటే, ఆపరేటర్ దాన్ని తుడవడానికి ఎన్నిసార్లు పైకి ఎక్కుతున్నాడో లెక్క చూడండి. సెన్సర్‌ను బయటి నుంచే, నేల మీద నిలబడి తుడవగలిగే చోటికి మార్చడం చిన్న పనే అయినా, దాని ఫలితం పెద్దది.

అడ్డ ప్రెస్‌లో బ్లేడ్లు మొద్దుబారితే సరుకు తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటుంది, ర్యామ్ మధ్యలో ఆగిపోతుంది. చాలామంది ఇక్కడ పీడనం పెంచాలనుకుంటారు, అది తప్పు. బ్లేడును తిప్పి వాడని అంచును ముందుకు తేవాలి, లేదా సానబెట్టించాలి. తర్వాత రెండు బ్లేడ్ల మధ్య సందును తయారీదారు ఇచ్చిన కొలతకు సరిచూడాలి. సందు పెరగడానికి తరచుగా ర్యామ్ కింద ఉన్న అరుగుడు పలకలే కారణమవుతాయి. అవి అరిగే కొద్దీ ర్యామ్ కిందికి జారుతుంది, పై బ్లేడుతో దూరం పెరుగుతుంది. బ్లేడు మార్చినా పది రోజుల్లో మళ్లీ అదే జామ్ వస్తుంటే, చూడవలసింది ఆ పలకలనే.

సరుకు స్వభావాన్ని కూడా పట్టించుకోవాలి. మూతలు బిగించి ఉన్న ప్లాస్టిక్ సీసాల్లో గాలి చిక్కుకుని ఉంటుంది గనుక, అవి అదిమిన తర్వాత మళ్లీ ఉబ్బి బేలును వదులు చేస్తాయి, డోరును నెడతాయి. వాటిని రంధ్రాలు చేసే రోలర్ మీదుగా పంపితే అదే అరలో ఎక్కువ బరువు పడుతుంది. నిలువు ప్రెస్‌లో అర గోడలకు ఉండే పళ్ళు, అంటే సరుకు పైకి ఉబ్బకుండా పట్టి ఉంచే కొక్కేలు, విరిగి ఉంటే వెంటనే వేయించాలి. సరుకును ఒకే మూలన కుమ్మరిస్తే ప్లాటెన్ వాలి, గైడ్లు ఒకవైపు అరుగుతాయి. సరుకును అర అంతా సమంగా పరచి వేయడాన్ని అలవాటు చేయించండి. ఈ మూడు మాత్రం ఎప్పుడూ అరలోకి వెళ్లకూడదు: స్ప్రే డబ్బాలు, గ్యాస్ డబ్బాలు, లిథియం బ్యాటరీలు. నలిగిన బ్యాటరీ బేలు లోపల గంటల తర్వాత కూడా రాజుకోవచ్చు, కాబట్టి వీటిని ఏరివేసే బల్ల ప్రెస్‌కు ముందే, మంచి వెలుతురులో ఉండాలి.

నాలుగో అడుగు: గార్డులు, ఇంటర్‌లాక్‌లు

పైన చెప్పిన పనుల తర్వాత కూడా మిగిలిన ప్రమాదపు చోట్లకు మనిషి చేరకుండా అడ్డుకట్ట వేయాలి. అడ్డుకట్టకూ, ప్రమాదపు చోటుకూ మధ్య ఎంత దూరం ఉండాలో ఐఎస్ఓ 13857 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. జాలీ రంధ్రం 12 మి.మీ. నుంచి 20 మి.మీ. వరకు ఉంటే, వేళ్లు చొచ్చుకుపోగలవు గనుక, కనీసం 120 మి.మీ. దూరం కావాలి. రంధ్రం 40 మి.మీ. నుంచి 120 మి.మీ. దాకా ఉంటే చెయ్యి భుజం వరకు దూరగలదు గనుక, 850 మి.మీ. కావాలి. మీ గార్డు జాలీని ఈ కొలతలతో పోల్చి చూస్తే, చూడటానికి గట్టిగా ఉన్న కవర్ నిజంగా రక్షణ ఇస్తోందో లేదో తేలిపోతుంది.

హాపర్ దగ్గర లైట్ కర్టెన్, అంటే చెయ్యి అడ్డుపడగానే యంత్రాన్ని ఆపే కాంతికిరణాల తెర, పెట్టాలనుకుంటే దూరాన్ని కళ్లతో అంచనా వేయకండి. ఐఎస్ఓ 13855 ఇచ్చే లెక్క ప్రకారం, చెయ్యి కదిలే వేగాన్ని యంత్రం ఆగడానికి పట్టే మొత్తం సమయంతో గుణించి, దానికి కర్టెన్ సూక్ష్మతను (అది గుర్తించగలిగే అతి చిన్న వస్తువు పరిమాణాన్ని) బట్టి వచ్చే అదనపు దూరాన్ని కలపాలి. కర్టెన్ కిరణాల సూక్ష్మత 30 మి.మీ., ఆగే సమయం 0.4 సెకను అనుకుందాం. సెకనుకు 2000 మి.మీ. వేగంతో మొదటి లెక్కలో 800, దానికి 128 కలిపి 928 మి.మీ. వస్తుంది. ఇది 500 మి.మీ. దాటింది గనుక సెకనుకు 1600 మి.మీ. వేగంతో తిరిగి లెక్కించే వీలు ఉంది, అప్పుడు 768 మి.మీ. సరిపోతుంది. ఈ లెక్కలో అసలు కీలకం ఆగే సమయం. దాన్ని కేటలాగు నుంచి తీసుకోకుండా, మీ యంత్రం మీద పరికరంతో కొలిపించాలి, ఎందుకంటే అరిగిన వాల్వు నెమ్మదిగా మూసుకుంటుంది.

తెరుచుకునే ప్రతి డోరుకూ ఇంటర్‌లాక్ ఉండాలి. సులువుగా ఏమార్చగలిగే మామూలు లిమిట్ స్విచ్ బదులు, తన జతను మాత్రమే గుర్తించే కోడెడ్ సెన్సర్లు వాడండి. డోరు తెరిచాక కూడా ర్యామ్ కొంత సేపు కదులుతుంటే, కదలిక పూర్తిగా ఆగేవరకు డోరును బిగించి ఉంచే లాక్ అవసరం. ఇంటర్‌లాక్ సంకేతం సాధారణ పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రామ్ మీద మాత్రమే ఆధారపడకూడదు. సేఫ్టీ రిలే గాని, సేఫ్టీ పీఎల్‌సీ గాని రెండు వేర్వేరు మార్గాల్లో దాన్ని చదివి, పంపు మోటారునూ హైడ్రాలిక్ వాల్వునూ ఆపాలి. ఐఎస్ఓ 13849-1 ప్రకారం ఈ కంట్రోల్ వ్యవస్థకు ఏ భద్రతా స్థాయి కావాలో మీ ప్రమాద అంచనాను బట్టి నిర్ణయించాలి. అరలోకి మనిషి దూరగలిగే డోర్ల విషయంలో అది సాధారణంగా పై స్థాయిలకే చేరుతుంది.

హాపర్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం: పడిపోవడానికీ, దిగడానికీ వీలు లేకుండా చేయడమే ఉత్తమం, సెన్సర్లు ఆ తర్వాతే. పని వేదికకు రెయిలింగ్, హాపర్ చుట్టూ తగినంత ఎత్తు గోడ, జామ్ చూడటానికి గట్టి పారదర్శక కిటికీ, జామ్ తీయడానికి ఇంటర్‌లాక్ ఉన్న పక్క డోరు ఏర్పాటు చేయాలి. కన్వేయర్ పక్కన పొడవునా లాగుడు తాడు ఉండాలి, దాన్ని లాగితే కన్వేయర్‌తో పాటు ప్రెస్ కూడా ఆగాలి. ఒకటి ఆగి మరొకటి నడిచే ఏర్పాటు కన్వేయర్ మీద పడిన మనిషికి ఏ ఉపయోగమూ చేయదు.

ఎమర్జెన్సీ స్టాప్ బటన్ పసుపు నేపథ్యంలో ఎరుపు పుట్టగొడుగు ఆకారంలో, ప్రతి పనిచోటు నుంచీ చెయ్యి చాపితే అందేటట్టు ఉండాలి. దాన్ని తిరిగి విడిపించినంత మాత్రాన యంత్రం కదలకూడదు, విడిగా స్టార్ట్ నొక్కాలి. కరెంటు పోయి వచ్చినప్పుడూ ఇదే నియమం వర్తిస్తుంది. అలాగే, స్టాప్ నొక్కితే పలక ఆగుతుందే గాని వెనక్కి పోదు. ఎవరైనా ఇరుక్కుంటే దాన్ని వెనక్కి తీసే పద్ధతి ఏమిటో ప్రతి ఆపరేటర్‌కూ ముందే తెలిసి ఉండాలి, దాన్ని ఖాళీ యంత్రం మీద సాధన చేయించాలి.

ఐదో అడుగు: లోపలికి వెళ్లక తప్పనప్పుడు తాళం

అమెరికాలో శక్తి వనరులను ఆపి తాళం వేయడానికి సంబంధించిన నిబంధన 1989లో వచ్చింది. దాని సారం ఏ దేశంలోనైనా పనికొస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కడం, మోడ్ స్విచ్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పడం, తాళంచెవి జేబులో వేసుకోవడం, ఇవేవీ శక్తిని వేరుచేయడం కిందికి రావు.

ముందుగా చుట్టుపక్కల పనిచేసేవారందరికీ చెప్పి, యంత్రాన్ని మామూలు పద్ధతిలో ఆపాలి. వీలైతే ర్యామ్‌ను పూర్తిగా వెనక్కి, లేదా ప్లాటెన్‌ను పూర్తిగా కిందికి తెచ్చి ఆపడం మేలు. తర్వాత ప్రెస్‌కు కరెంటును పూర్తిగా వేరుచేసే మెయిన్ ఐసొలేటర్‌నూ, కన్వేయర్ ఐసొలేటర్‌నూ, కంప్రెస్డ్ ఎయిర్ వాల్వునూ మూసి, లోపలికి వెళ్లే ప్రతి మనిషీ తన సొంత తాళాన్ని, తన పేరున్న ట్యాగ్‌తో వేయాలి. ముగ్గురు దిగితే మూడు తాళాలు ఉండాలి. వేరొకరి తాళం నా ప్రాణాన్ని కాపాడుతుందన్న భరోసా చాలదు, షిఫ్టు మారితే ఆ తాళం కూడా వెళ్లిపోతుంది.

అప్పటికీ యంత్రంలో శక్తి మిగిలే ఉంటుంది. హైడ్రాలిక్ పైపుల్లో పీడనం ఉంటుంది, అక్యుములేటర్ (పీడనంతో నూనెను నిలవ ఉంచే సీసా) ఉంటే అందులో మరింత ఉంటుంది, పైన నిలిచిన ప్లాటెన్ బరువు ఉంటుంది, అరలో అదిమిన సరుకు స్ప్రింగులా ఉబ్బాలని చూస్తూ ఉంటుంది. పీడనాన్ని ట్యాంకుకు విడుదల చేసి గేజీ సున్నా చూపుతోందో లేదో చూడాలి. పైన ఉన్న పలక కింద పనిచేయాల్సి వస్తే సిలిండర్ మీద నమ్మకం పెట్టకుండా, తయారీదారు ఇచ్చిన ఉక్కు పిన్నులు గాని, ఆధార స్తంభాలు గాని బిగించాలి. చివరగా అందరూ దూరంగా నిలబడిన తర్వాత స్టార్ట్ నొక్కి చూడాలి. ఏదీ కదలకపోతేనే లోపలికి వెళ్లాలి.

ఈ క్రమాన్ని సిబ్బంది నిజంగా పాటించాలంటే ఐసొలేటర్ ఆపరేటర్ నిలబడే చోటు నుంచి కొన్ని అడుగుల దూరంలోనే ఉండాలి. అది మరో గదిలో ఉంటే, చిన్న జామ్‌కు అంత దూరం ఎవరూ నడవరు. తాళాలు యంత్రం పక్కనే బోర్డుకు వేలాడాలి. ట్రాప్డ్ కీ పద్ధతి పెడితే ఇంకా మంచిది: కరెంటు ఆపితేనే బయటికి వచ్చే తాళంచెవితోనే డోరు తెరుచుకుంటుంది, డోరు తెరిచి ఉన్నంతసేపూ ఆ చెవి స్విచ్ దగ్గరికి తిరిగి రాదు.

ఆరో అడుగు: డోరు తెరవడం, వైరు కట్టడం

నిలువు ప్రెస్‌లో బేలు నిండినప్పుడు డోరు ఎంత ఒత్తిడిలో ఉంటుందో గొళ్లెం చక్రాన్ని తిప్పే చేతికి తెలుస్తుంది. మొదటి చుట్టు బిగువుగా కదులుతుంది, లోపలి అట్ట కిర్రుమంటుంది, డోరు అంచు దగ్గర వేలెడు సందు ఏర్పడుతుంది. అక్కడ ఆగి, సరుకు సర్దుకోనిచ్చి, ఆ తర్వాతే మిగతా చుట్లు విప్పాలి. ఒక్క దెబ్బతో విడిపోయే గొళ్లెం ఉన్న పాత యంత్రాలకు ఇలా మెల్లగా వదిలే చక్రపు గొళ్లెం గాని, రెండో పట్టుకొక్కెం గాని అమర్పించండి. తెరిచేవారు డోరు తిరిగే దారిలో నిలబడకూడదు. ఆ దారిని నేల మీద రంగుతో గీసి ఉంచితే పక్కవారికీ తెలుస్తుంది.

వైరు మందం, వరసల సంఖ్య సరుకును బట్టి మారాలి. అట్టకు సరిపోయిన వైరు, ఉబ్బే గుణమున్న ప్లాస్టిక్ బేలుకు సరిపోదు. ప్లాటెన్ పైకి లేవగానే బేలు ఉబ్బి వైరు మీద పూర్తి బిగువు పడుతుంది, బలహీనమైన ముడి ఆ క్షణంలోనే తెగుతుంది. తెగిన వైరు కొన కొరడాలా విసురుకుంటుంది గనుక, పలక లేచేటప్పుడు ఎవరూ బేలు ముందు వంగి ఉండకూడదు. కళ్లద్దాలు, కోత తట్టుకునే చేతితొడుగులు, ముంజేతి కవర్లు ఇక్కడ తప్పనిసరి. వైరును కత్తిరించాల్సి వస్తే పొడవాటి పిడి ఉన్న కట్టర్‌తో, పక్కన నిలబడి, ఒక కొనను పట్టి ఉంచి కత్తిరించాలి.

వైరు గాడుల్లో చెత్త పేరుకుంటే, వైరు మధ్యలో మలుపు తిరిగి ఆగుతుంది, ఆపరేటర్ చెయ్యి లోపలికి పెట్టి వెతుకుతాడు. గాడులను రోజూ గీకి శుభ్రం చేయడానికి తగిన ఇనుప కడ్డీ, వైరును అవతలి వైపుకు నెట్టే గైడు యంత్రానికే తగిలించి ఉంచండి. సరైన పొడవుకు ముందే కత్తిరించి, కొనకు ఉచ్చు వేసిన వైర్లు కొనడం వల్ల కూడా పని త్వరగా అవుతుంది.

ఏడో అడుగు: బేలు బయటికి రావడం

చిన్న నిలువు ప్రెస్ బేలు కొన్ని పదుల కిలోలు ఉంటుంది, పెద్ద యంత్రాల బేలు 400 నుంచి 500 కిలోల దాకా, ఇంకా ఎక్కువగా కూడా ఉంటుంది. బేలును బయటికి లాగే ఎజెక్టర్ గొలుసు తగిలించి ప్లాటెన్‌ను పైకి లేపినప్పుడు బేలు ఒక్కసారిగా దొర్లుతుంది. ఆపరేటర్ పక్కకు జరిగి, బటన్‌ను నొక్కి పట్టుకున్నంతసేపే కదిలేటట్టు కంట్రోల్ ఉంటే, తనకు నచ్చిన క్షణంలో ఆపగలుగుతాడు. ముందు ప్యాలెట్ గాని, బేలు ట్రాలీ గాని పెట్టి ఉంచాలి, ఫోర్క్‌లిఫ్ట్ దారి ఆ చోటును దాటిపోకుండా చూడాలి. దొంతరలు పేర్చేటప్పుడు వైరు తెగిన, వాలిపోయిన బేళ్లను కింది వరుసలో వేయకండి.

ఎనిమిదో అడుగు: హైడ్రాలిక్ వ్యవస్థ

హోస్ పైపు మీద పగుళ్లు, ఉబ్బు, లోపలి ఉక్కు అల్లిక బయటపడటం కనిపిస్తే దాన్ని అదే రోజు మార్చండి. సన్నటి రంధ్రం నుంచి చిమ్మే నూనె కంటికి కనిపించకపోవచ్చు, కానీ చర్మంలోకి చొచ్చుకుపోతుంది. గాయం సూదిమొన అంతే ఉన్నా లోపలి కణజాలం దెబ్బతింటుంది గనుక, అది వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర పరిస్థితి. లీకును చేత్తో తడిమి వెతకకండి, దూరం నుంచి అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. ఆసుపత్రికి వెళ్లేవారు అది అధిక పీడన నూనె గాయమని స్పష్టంగా చెప్పాలి.

నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు, నల్లబడి వాసన వస్తే అతిగా వేడెక్కినట్టు. పీడనం హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు సెట్టింగును సీలు వేసి ఉంచండి. బేలు బరువు పెంచాలని పీడనం పెంచితే ఆ భారమంతా డోరు కీలు, గొళ్లెం, వెల్డింగ్‌ల మీద పడుతుంది. పైపు పగిలినా పలక కిందపడకుండా, సిలిండర్‌కే నేరుగా బిగించే చెక్ వాల్వు మీ నిలువు యంత్రానికి ఉందో లేదో సర్క్యూట్ బొమ్మలో చూసుకోండి.

తొమ్మిదో అడుగు: కంట్రోల్ ప్యానెల్, పనిచోటు

ఆపరేటర్ ప్యానెల్ దగ్గర నిలబడితే సరుకు వేసే నోరు, డోరు, బేలు బయటికి వచ్చే చోటు మూడూ కనిపించాలి. అలా కుదరకపోతే కెమెరా గాని, గుండ్రటి అద్దం గాని పెట్టాలి. బటన్ల మీద పదాలతో పాటు బొమ్మలు కూడా ఉండాలి, పదాలు సిబ్బంది చదవగలిగే భాషలో ఉండాలి. పలక కదిలే దిశ, బటన్ల అమరిక ఒకదానికొకటి సరిపోవాలి: పైకి లేపే బటన్ పైన, దించే బటన్ కింద. బేలు నిండిందని తెలిపే దీపం ఉంటే, గొళ్లెం దగ్గర చేత్తో తడిమి చూసే అలవాటు పోతుంది. తెర మీద వచ్చే లోపాల సందేశాలు కేవలం కోడ్ అంకెలుగా కాకుండా, ఏ డోరు తెరిచి ఉందో, ఏ సెన్సర్ అడ్డుపడిందో చెప్పేలా ఉండాలి.

సరుకు వేసే అంచు మరీ ఎత్తుగా ఉంటే రోజంతా భుజాలు పైకెత్తి పనిచేయాల్సి వస్తుంది. నడుము ఎత్తుకు దగ్గరగా వేసే వీలుంటే, లేదా ట్రాలీని ఎత్తి ఒంపే లిఫ్టర్ ఉంటే, అలసట తగ్గుతుంది, అలసటతో వచ్చే అజాగ్రత్త కూడా తగ్గుతుంది. నేల మీద నూనె, ఫిల్మ్ ముక్కలు, వైరు తుంపులు లేకుండా ప్రతి షిఫ్టు చివర ఊడ్పించడాన్ని పనిలో భాగంగా లెక్కించి, దానికి సమయం కేటాయించండి.

పదో అడుగు: శిక్షణ, రోజువారీ పరీక్ష, మార్పుల నమోదు

అమెరికాలో 18 ఏళ్లలోపు వారు బేలర్లు నడపకూడదని కార్మిక నిబంధన ఉంది. కొన్ని షరతులతో, 16, 17 ఏళ్లవారు కాగితం బేలర్లలో సరుకు వేయడానికి మాత్రమే అనుమతి ఉంది. మీ ప్రాంతపు చట్టం ఏదైనా, పేరు నమోదైన, శిక్షణ పొందిన ఆపరేటర్ల చేతుల్లోనే తాళంచెవి ఉండాలి. శిక్షణ అంటే మాన్యువల్ చదివించడం కాదు. కృత్రిమంగా ఒక జామ్ కల్పించి, ఆ వ్యక్తి తాళం వేసి, పీడనం విడుదల చేసి, పరీక్షించి, లోపలికి వెళ్లేంతవరకు కళ్లారా చూడాలి.

ప్రతి షిఫ్టు మొదట్లో ఖాళీ అరతో పరీక్షలు జరగాలి. యంత్రం ఆగి ఉండగా డోరు తెరిచి స్టార్ట్ నొక్కితే యంత్రం స్పందించకూడదు. పలక కదులుతుండగా ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే అది వెంటనే ఆగాలి. లాగుడు తాడును రోజుకొక చోట లాగి చూడాలి. వీటిలో ఒక్కటి విఫలమైనా, మరమ్మతు అయ్యేవరకు ప్రెస్‌కు తాళం పడాలి. ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఆపరేటర్‌కు రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని రద్దు చేసే అధికారం ఉత్పత్తి విభాగానికి ఉండకూడదు.

యంత్రానికి కొత్త డోరు, కొత్త వాల్వు, కొత్త ప్రోగ్రామ్ వేసిన ప్రతిసారీ దాని భద్రతా లెక్కలు మారతాయి. వాల్వు మార్చితే ఆగే సమయం మారుతుంది, ఆగే సమయం మారితే లైట్ కర్టెన్ దూరం మారుతుంది. అందుకే ప్రతి మార్పును తేదీతో, చేసినవారి పేరుతో, సర్క్యూట్ బొమ్మ కొత్త ప్రతితో ఫైలులో పెట్టి, ఆగే సమయాన్ని తిరిగి కొలిచి, కొత్త దూరం పాత దూరానికి మించితే కర్టెన్‌ను వెనక్కి జరిపిన తర్వాతే యంత్రాన్ని ఉత్పత్తికి అప్పగించాలి.